గోవిందుడి బకెట్టు

పురట్టాసి నెలలో శనివారం తెల్లవారిందంటే మా ఊరి వీధిలో ఒకటే కేక, గోవిందా అని. మా వాళ్ళు తెలుగు నాయుళ్ళు. తాతల తాతలు ఎందుకు బయలుదేరినారో గాని, అరవ దేశానికి వచ్చి కోవిల్‌పట్టి పక్కన ఈ నల్లరేగడి మీద పడినారు. వాన పడినా పడకపోయినా పెరుమాళ్ళను మాత్రం విడవలేదు. ఆ నెల ప్రతి ఇంటి మగవాడూ తలకు నీళ్ళు పోసుకుని, నుదుట నామం పెట్టి, తులసి మాల చుట్టిన ఇత్తడి చెంబు పట్టుకుని ఇంటింటికీ బిచ్చానికి పోవాల. అయిదు జతల ఎడ్లున్నవాడూ పోవాల, కూలికి పోయేవాడూ పోవాల. వాకిట్లో నిలబడింది ఎవరని చూడకూడదు. నిన్న గట్టు తగాదాలో మన తల పగలగొట్టినవాడైనా సరే, నామం పెట్టి చెంబు చాపితే ఆ పూటకు వాడు గోవిందుడు. పిడికెడు బియ్యం వెయ్యాల్సిందే. అట్లా కూడిన బియ్యాన్ని ఆఖరి శనివారం, బిచ్చమెత్తినవాడి ఇంటి పొయ్యి నిప్పుతోనే వండి, దేవుడికి చూపించి, వీధికంతా పెట్టాల. ఇంకొకరి పొయ్యి మీద వండకూడదు. అమ్మకూడదు. కోళ్ళకు చల్లినా పాపమే.

ఈ సట్టాలన్నీ ఎవడు పెట్టినాడో నాకు తెలీదు. మా తిరుమలసామిని మనసులో ఉంచుకునే పెట్టినాడని మాత్రం ఇప్పుడు అనిపిస్తుంది.

తిరుమలసామి నా చెల్లెలు రాజమ్మాళ్ మొగుడు. అగ్గిపెట్టెల కంపెనీలో వ్యాను డ్రైవరు. కోవిల్‌పట్టి నుంచి తూత్తుకుడి రేవుకు సరుకు తోలేవాడు. చెయ్యి మంచిది, మాటా మంచిదే, ఆ నోట్లో బ్రాందీ పడనంతవరకూ. మొదట సరుకు దించినాక తాగేవాడు. తరవాత దించకముందే తాగినాడు. ఒకనాడు తిన్నగా వ్యానును తీసుకుపోయి ఉప్పు పండించే ఉప్పళంలోకి దించినాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఉప్పుకు తప్ప. కంపెనీ వాళ్ళు పొమ్మన్నారు. ఆ దుఃఖానికి ఇంకా తాగినాడు. ఇంట్లో గిన్నెలు ఒక్కొక్కటే కాళ్ళొచ్చి నడిచిపోయినాయి. రాజమ్మాళ్ అగ్గిపుల్లల చట్రాలు నింపే పనికి పోయి కూతురు శివరంజనిని చదివించుకుంటా ఉండేది. గిన్నె పోతే మట్టి కుండలో వండేది. ఒక్క మాట అనలేదు. నేనైతే అన్నాను, చాలానే అన్నాను. నా మాట ఎవరు విన్నారు, సైకిలు పంచర్లు వేసేవాడి మాట.

తొంభై ఆరులో పురట్టాసి మొదటి శనివారం తెల్లవారుజామున రాజమ్మాళ్ అటక మీద చెయ్యి పెట్టి తడుముకుంది. నామపు చెంబు లేదు. తిరుమలసామి తాత చేతి నుంచి వచ్చిన చెంబు అది. ఆ ఇంట్లో బంగారం ఎప్పుడో పోయింది, ఆ చెంబు మాత్రమే మిగిలింది. చింతపండు పెట్టి తోముదామని తియ్యబోతే అటక మీద దుమ్ములో గుండ్రంగా దాని అడుగు గుర్తు ఒక్కటే ఉంది. తిరుమలసామి ఇంకా మత్తులో తిన్నె మీద పడి ఉన్నాడు. వీధిలో అప్పుడే గోవిందా అని కేక మొదలయింది. రాజమ్మాళ్ అరవలేదు. ఏడవలేదు. గడపకు లోపల, దీపం ముందర నిలబడి అంది.

"ఆ చెంబు తెచ్చేదాకా నువ్వు ఈ గడప దాటొద్దు."

వాడు లేచి, తువ్వాలు దులుపుకుని, ఎటో వెళ్ళిపోయినాడు.

నేను సైకిలు తొక్కి కోవిల్‌పట్టి పాత్రల అంగళ్ళన్నీ తిరిగినాను. ఒకచోట దొరికింది, చెంబు కాదు, సమాచారం. పాత ఇత్తడితో కలిపి మూటగట్టి మదురైకి పంపేసినారంట. ఈపాటికి కరిగి ఏ కొళాయో, ఏ గుడి గంటో అయి ఉంటుంది. వచ్చి చెల్లెలికి చెప్పినాను. తెలుసన్నా, అనింది. అంటే తను వేసిన తలుపు ఎంత గట్టిదో తనకే తెలుసు. లేని చెంబును ఎవడు తెస్తాడు. మొగుడు ఇంక రాడనే ఆ మాటకు అర్థం. మంచి పని చేసినావమ్మా, అని నేనూ అన్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. ఆ నాటికి అదే మంచి పని.

ఒక సంవత్సరం గడిచింది. వాడు విరుదునగరంలో ఉన్నాడని ఎవరో అన్నారు. ఎవరూ వెతకలేదు.

మళ్ళా పురట్టాసి వచ్చింది. మొదటి శనివారం నాడు నేను చెంబు పక్కన పెట్టి టైర్లు కొనడానికి విరుదునగరం పోయినాను. ఆ ఊళ్ళో పరోటాను నూనెలో ముంచి కరకరలాడేటట్టు వేపి, ముక్కలు చేసి, పైన మాంసం పులుసు పోస్తారు. సాల్నా అంటారు దాన్ని. ఆ వాసన బజారు మొదట్లోనే మనిషి చొక్కా పట్టుకుంటుంది. శనివారం, మాంసం ముట్టకూడదని గుర్తుంది. గుర్తున్నా లోపలికి పోయి కూర్చున్నాను. నాకు దేవుడు ఇచ్చిందల్లా పంచర్లు. ఒక ప్లేటు పరోటా తింటే ఆయన మాత్రం ఏం పోగొట్టుకుంటాడు అనుకున్నాను.

రెండో ముక్క నోట్లో ఉండగా చూసినాను. అంగడి ముందర బల్ల మీద పిండి కొడతా ఉండేది తిరుమలసామి. బనియను, మాసిన గడ్డం, చేతులు మోచేతుల దాకా తెల్లగా మైదా. చెంపలు లోపలికి పోయినాయి. నన్ను చూసి చెయ్యి ఆపినాడు. సంవత్సరం తరవాత నాతో అన్న మొదటి మాట ఇది.

"బావా, ఇవాళ శనివారం."

"తెలిస్తే నువ్వెందుకు చేస్తన్నావు మాప్పిళ్ళే?" అన్నాను. చెల్లెలి మొగుణ్ణి మా పక్క అట్లాగే పిలుస్తారు.

"నేను చేస్తన్నాను. తినడంలే."

అంగడి యజమాని చెల్లసామి గల్లా దగ్గర నుంచి మెడ చాచి, ఇద్దరూ ఒక ఊరా అని అరవంలో అడిగినాడు. చుట్టాలమని చెప్పినాను. ఆయన నాకు జాలిగా ఇంకో గరిటె సాల్నా పోయించినాడు. పగలు ఇతని చేతిలాంటి చెయ్యి జిల్లాలో లేదన్నాడు, పొద్దుగూకితే మాత్రం మనిషి కనపడడంట. మైదా మూటల మీద పడుకుంటాడు, పండగకు కూడా ఊరి పేరెత్తడు.

తిరుమలసామి పిండి కొడతానే కూతురి గురించి అడిగినాడు. అయిదో తరగతి, లెక్కల్లో మొదటిది, నాయన ఏడని అడగడం మానేసిందని చెప్పినాను. ఉన్నదే చెప్పినాను, తియ్యగా చెప్పడం నాకు రాదు. చెంబు దొరికిందా అన్నాడు. కరిగిపోయిందన్నాను. వాడు తల ఊపి, ముద్దను బల్ల మీద వేసి నాలుగు బాదులు బాదినాడు.

"అయితే పైనోడు కూడా తలుపు వేసేసినట్టే," అన్నాడు.

అప్పుడు వినపడింది బజారు మలుపులో. గోవిందా. ఆ ఊళ్ళో మన వాళ్ళు కొంతమంది ఉన్నారు, చెంబులు పట్టుకుని వీధి పొడుగునా వస్తా ఉన్నారు. ముందర ఒక ముసలాయన, పల్చటి మనిషి, నామం మాత్రం నుదుటి కంటే పెద్దది. లక్ష్మణసామి నాయుడని పేరు. తిరుమలసామి ఆ కేక విని, పోలీసును చూసినవాడి మాదిరిగా బల్ల కిందికి కూర్చున్నాడు. నేనూ ప్లేటును ఒళ్ళోకి దించి పేపరు కప్పినాను.

మాంసం అంగడి అని మిగతావాళ్ళు దాటిపోయినారు. ముసలాయన కాళ్ళు నొప్పేమో, సరిగ్గా ఆ బల్ల ముందరే ఆగినాడు. వంగి కింద చూసినాడు. ఏమబ్బాయా, ఏదన్నా పడిపోయిందా, అని తెలుగులో అడిగినాడు. మన మనిషిని మన మనిషి ఎట్లా కనుక్కుంటాడో నాకు ఇప్పటికీ తెలీదు. తిరుమలసామి లేచినాడు. స్వామీ, ఇది మాంసం అంగడి, నేను తాగుబోతును, ఇంటి చెంబు అమ్ముకున్నవాణ్ణి, పక్కకు పోండి, అన్నాడు. అంత వివరం ఎవరూ అడగలేదు.

ముసలాయన చెంబు వెనక్కి తియ్యలేదు.

"అవన్నీ నేను అడగలేదే. చేతిలో ఏముందో అది వెయ్."

"మైదా ఉండాది."

"మైదా మాంసమా?"

 వాడి చెయ్యి దానంతట అదే మూటలోకి పోయి, పిడికిలి నిండా మైదా తెచ్చి చెంబులో పోసింది. బియ్యం మీద తెల్లగా పొగ లేచింది. పొంగలి చిక్కగా వస్తుందిలే, అన్నాడు ముసలాయన. రెండడుగులు పోయి, ఏదో మరిచిపోయినవాడి మాదిరిగా వెనక్కి తిరిగినాడు.

"అబ్బాయా, నువ్వు ఆయన్ని అడగడానికి సిగ్గుపడతా ఉండావు. ఆయన నిన్ను అడగడానికి సిగ్గుపళ్ళేదు, చూసినావా."

వెళ్ళిపోయినాడు. తిరుమలసామి చాలాసేపు చెయ్యి చూసుకుంటా నిలబడినాడు. ఆ చేతిని దేవుడు తాకినట్టు చూడటం నాకు నచ్చలేదు. పిండి కొట్టు మాప్పిళ్ళే, జనం చూస్తన్నారు, అన్నాను. వాడు కొట్టినాడు. ఆ రోజు ఆ అంగట్లో పరోటాలు పొరపొరగా మల్లెపూలలాగా వచ్చినాయి. చెల్లసామి గల్లా వదిలి లేచి వచ్చి చూసిపోయినాడు. ఆ సాయంత్రం తిరుమలసామి ఎక్కడికీ పోలేదని, మూటల మీద కూర్చుని ఏదో గొణుక్కుంటా ఉన్నాడని ఆయనే నాకు తరవాత చెప్పినాడు.

తరవాతి శనివారం మా వీధిలో మొదట కేకేసింది గోవిందుడు కాదు, ఎదురింటి పాప్పాత్తి అవ్వ. మొగుడు పోయి ముప్పై ఏళ్ళయినా నోరు మాత్రం పోలేదు ఆమెకు. ఆమె కేకకు నేను బయటికి వచ్చినాను. తిరుమలసామి వీధి నడిమిన నిలబడి ఉన్నాడు. గడ్డం లేదు. తడి పంచె, నుదుట నామం, మెడలో తులసి మాల. చేతిలో స్టీలు బకెట్టు. బకెట్టు మెడకు కూడా తులసి మాల. దాని కడుపున సున్నంతో, కుంకంతో నామం దిద్దినాడు. నామం కింద, తోమినా పోకుండా చెక్కిన అరవ అక్షరాలు తళతళలాడతా ఉన్నాయి: చెల్లసామి పరోటా స్టాల్, విరుదునగర్.

పాప్పాత్తి అవ్వ బకెట్టులో ముక్కు పెట్టి వాసన చూసింది.

"ఒరే తిరుమలా, ఇది సాల్నా బకెట్టు గదరా?"

"కాదవ్వా, నీళ్ళ బకెట్టు. ఓనరు సత్యం చేసినాడు. అయినా మూడు తూర్లు చింతపండుతో తోమినాను."

"పెరుమాళ్ళకు చెంబు లేకపోతే పరోటా అంగడే దొరికిందా?"

"నన్ను అక్కడే గదవ్వా ఆయన కనుక్కుండేది."

 అవ్వ మూతి తిప్పుకుంటా లోపలికి పోయి బియ్యం తెచ్చి వేసింది. ఖాళీ బకెట్టు గలగలమనింది. ఆ చప్పుడుకు పిల్లలు నవ్వినారు. వాడూ నవ్వినాడు. గోవిందా అన్నాడు. గొంతు బాగానే ఉంది.

ఒక్కొక్క ఇల్లూ దాటి నా వాకిట్లోకి వచ్చినాడు. నేను రేషను బియ్యం వేసినాను. అందులో సగం రాళ్ళు. గోవిందుడు తీరిగ్గా ఏరుకుంటాడులే అనుకున్నాను. వాడు బకెట్టు వెనక్కి తియ్యకుండా, పెదవి కదపకుండా అన్నాడు.

"బావా, పోయిన శనివారం ఎవరు ఎక్కడ ఏం తిన్నారో గోవిందుడు ఎవరికీ చెప్పడు."

నేను లోపలికి పోయి మంచి బియ్యం ఇంకో పిడికెడు తెచ్చి వేసినాను.

మా ఇంటి పక్కదే రాజమ్మాళ్ ఇల్లు. వాడు అక్కడికి పోయేసరికి వీధిలో నవ్వులు ఆగినాయి. వాడు గడపకు చాలా దూరంగా, వీధి కాలవకు అవతలే నిలబడినాడు. ముందుకు రాలేదు. గోవిందా అన్నాడు, అంతే. తలుపు తీసి ఉంది. లోపల చీకట్లో ఎవరూ కదల్లేదు. నేను లెక్కేసుకున్నాను: తలుపు వేసేస్తే వాడు తిన్నగా బ్రాందీ అంగడికే పోతాడు, మళ్ళా ఇంక ఎవరికీ కనపడడు. వాడికీ అది తెలుసు. 

రాజమ్మాళ్ చేట పట్టుకుని వచ్చింది. గడప దాటి, తిన్నె దిగి, కాలవ దాకా వచ్చింది. ముఖం చూడలేదు. బకెట్టునే చూసింది. దాని మీద చెక్కిన పేరు చదివింది, అరవం చదవడం ఆమెకు వచ్చు. మూతి ఒక పక్కకు పోయింది, నవ్వుకో ఏడుపుకో నేను చెప్పలేను. పిడికెడు బియ్యం వేసి లోపలికి పోయింది. శివరంజని మాత్రం గడప మీద నిలబడి, నాయన్ని కాదు, బకెట్టును కూడా కాదు, వాడి నుదుటి మీద వంకరపోయిన నామాన్ని చూసి, చెయ్యి పెట్టి తన నుదుటి మీద నిలువుగా గీసి చూపించింది. సరి చేసుకోమని. వాడు వేలితో సరి చేసుకున్నాడు.

కూడిన బియ్యాన్ని పాప్పాత్తి అవ్వ తన ఇంట్లో దాచింది. వాడు బస్సెక్కి విరుదునగరం పోయినాడు. మళ్ళా శనివారం వస్తానన్నాడు.

వస్తాడని నేను అనుకోలేదు. అవ్వతో ఆ మాటే అన్నాను. తాగేవాడి మాట నాకు తెలుసు, మా నాయన కూడా తాగేవాడే. నిజంగానే మూడో శనివారం తెల్లవారింది, పొద్దెక్కింది, మిగతా చెంబులన్నీ ఇళ్ళకు పోయినాయి. బకెట్టు రాలేదు. చూసినావా అవ్వా, అన్నాను. నోరు మూసుకో, అనింది అవ్వ. రాజమ్మాళ్ చట్రాల పనికి పోలేదు ఆ రోజు. వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరింది. ఏరిన బియ్యాన్నే మళ్ళా ఏరింది. అంతగా ఏరితే ఇంక చేటలో బియ్యం మిగలవు, అని నేను అనబోయి ఊరుకున్నాను.

మిట్టమధ్యాన్నం వీధి మొదట్లో లారీ ఆగింది. అగ్గిపుల్లలకు చెక్క మోసే లారీ. చెక్క దుంగల మీద నుంచి ముందు బకెట్టు దిగింది, దాని వెనక తిరుమలసామి దిగినాడు. సాత్తూరు దగ్గర బస్సు చెడిపోయిందంట. బకెట్టు నెత్తిన పెట్టుకుని నడిచినాడంట, లారీవాడు నామం చూసి జాలిపడి ఎక్కించుకున్నాడంట. నేను పరిగెత్తుకుంటా పోయి వాడి నోటి దగ్గర ముక్కు పెట్టినాను. తులసి, చెమట, డీజిలు. వేరే వాసన లేదు. ఇంకోసారి చూడు బావా, అని వాడు నోరు పెద్దగా తెరిచినాడు. వీధంతా నవ్వింది. రాజమ్మాళ్ తల దించుకునే ఉంది గాని, ఈసారి పిడికెడు కాదు, చేట చేటంతా బకెట్టులోకి ఒంపేసింది. అంత వెయ్యకూడదే, పిడికెడే గదా లెక్క, అని అవ్వ అరిచింది. రాళ్ళు ఏరి ఏరి అలిసిపోయినాను, తిరిగి లోపలికి మొయ్యలేను, అనింది రాజమ్మాళ్.

ఆఖరి శనివారం వచ్చింది. అసలు చిక్కు ఆ రోజే. వాడు తిరగాల్సిన ఇళ్ళన్నీ తిరిగినాడు. అవ్వ దాచిన బియ్యమూ బయటికి వచ్చింది. అంతా కలిపితే బకెట్టు నిండి పైన గోపురం కట్టింది. దాన్ని రాజమ్మాళ్ వాకిట్లో దించి వాడు దూరంగా నిలబడినాడు. ఇంక వండాల. ఎవరి పొయ్యి మీద? బిచ్చమెత్తినవాడి ఇంటి పొయ్యి మీద. వాడి ఇల్లు ఇదే. ఇందులోకి వాడు రాకూడదు, వాడు లేకుండా ఎసట్లో బియ్యం పోయకూడదు. పోసేది బిచ్చమెత్తిన చెయ్యే కావాల.

వీధి మొత్తం వచ్చి నిలబడింది. ఒకరు పోనీలే, లోపలికి రమ్మనమన్నారు, ఇంకొకరు ఆడదాని మాటకు విలువ లేదా అన్నారు. నేను గోడకు ఆనుకుని చూస్తా ఉన్నాను. పాప్పాత్తి అవ్వ గడప దగ్గరికి పోయి, ఏమే రాజమ్మా, ఊరందరి బియ్యం ఇది, పురుగు పట్టిస్తావా, అని అడిగింది. రాజమ్మాళ్ బయటికి వచ్చింది. ఆ నెలలో మొదటిసారి మొగుడి ముఖం తిన్నగా చూసింది.

"నేను దీపం ముందర నిలబడి అన్న మాట అవ్వా. చెంబు తెచ్చేదాకా గడప దాటొద్దని. నేను తప్పితే ఆయన తాగినదానికీ నేను తప్పినదానికీ తేడా ఏముంది."

తిరుమలసామి అవ్వను వెనక్కి రమ్మని చెయ్యి ఊపినాడు.

"ఆమె మాట పోకూడదవ్వా. నేను ఆమె దగ్గర నుంచి తీసుకుపోయినవి చాలు."

ఆ మాట అని వాడు అక్కడే మట్టిలో కూర్చున్నాడు, ఎటూ పోకుండా. పోతాడనుకున్నాను. కూర్చున్నాడు. బియ్యం పెరుమాళ్ళవి, వండించుకునే దోవ ఆయనే చూసుకుంటాడు, అన్నాడు. అంత ధైర్యం వాడికి ఎక్కడ నుంచి వచ్చిందో నాకు తెలీదు. తాగినప్పుడు కూడా లేదు.

రాజమ్మాళ్ లోపలికి పోయింది.  తరవాత శివరంజని ఒక రాయి మోసుకుని వచ్చి వీధిలో పెట్టింది. మళ్ళా పోయి ఇంకొకటి తెచ్చింది. మూడోది బరువైతే నేనే పోయి అందుకున్నాను. దాని వెనకాల రాజమ్మాళ్, చెయ్యంత పొడుగు ఇనప గరిటెలో నిప్పులు పెట్టుకుని, పొయ్యిలో నుంచి తీసిన నిప్పులు, ఎర్రగా కణకణలాడేవి, గడప దాటించి తెచ్చింది. మూడు రాళ్ళ నడుమ పోసి, పుల్లలు పేర్చి, ఊదింది. మంట లేచింది.

"మనిషి లోపలికి రాకూడదని గదా అన్నాను," అనింది, ఎవరితోనూ కాకుండా. "పొయ్యి బయటికి రాకూడదని అనలేదు."

అవ్వ చప్పట్లు కొట్టింది. వీధిలో ఉండే వకీళ్ళంతా, చదివినవాళ్ళూ చదవనివాళ్ళూ, తప్పు వెతికి చూసి దొరక్క ఊరుకున్నారు. గంగాళం వచ్చింది, బెల్లం వచ్చింది, ఎవరో నెయ్యి తెచ్చినారు. తిరుమలసామి లేచి, బకెట్టెత్తి, ఎసట్లో బియ్యం పోసినాడు. పోస్తా ఉంటే కళ్ళలో నీళ్ళు. పొగ, అన్నాడు. పొగ అవతలి పక్కకు పోతా ఉంది.

పొంగలి నేను తిన్నాను. మూడు తూర్లు తిన్నాను. నేను వేసిన రాయి ఒకటి నా పంటికిందికే వచ్చింది. అందరి పళ్ళూ వదిలి నా పన్నే దొరికింది గోవిందుడికి.

ఆ తరవాత వాడు చెల్లసామితో చెప్పి కోవిల్‌పట్టిలోనే ఒక పరోటా అంగట్లో చేరినాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. వచ్చి తిన్నె మీద కూర్చునేవాడు. గడప దాటలేదు. అన్నం తిన్నెకే వచ్చేది, శివరంజని లెక్కల పుస్తకమూ తిన్నెకే వచ్చేది. నామం చెరగని ఆ బకెట్టును తిన్నె మీద దూలానికి తగిలించినాడు. బిచ్చమెత్తినవాడు తప్ప దాన్ని ఎవరూ ముట్టకూడదు. తాగాలనిపించినప్పుడు దాని కింద కూర్చుంటాను బావా, అని నాతో చెప్పినాడు. పనిచేస్తుందా అని అడిగినాను. కొన్ని తూర్లు చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది, అన్నాడు.

పురట్టాసి పోయి ఐప్పసి నెల వచ్చేసరికి వాన పట్టుకుంది. మాకు వాన అంటే పండగే, అయితే ఆ సాయంత్రం అది అడ్డంగా కొట్టింది. తిన్నె మొత్తం తడిసిపోయింది. వాడు గోనెపట్టా తీసుకుని గోడకు అతుక్కుని కూర్చున్నాడు. దాన్ని కూడా తనకు కాకుండా చెయ్యెత్తి బకెట్టుకు అడ్డం పట్టుకున్నాడు. నేను నా తిన్నె మీద నుంచి చూస్తా ఉన్నాను. మా ఇంటికి రమ్మని పిలుద్దామా అని నోటిదాకా వచ్చింది. అంతలో రాజమ్మాళ్ దీపం పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"బకెట్టు తడస్తా ఉండాది. నామం చెరిగిపోతుంది. లోపల పెట్టు."

 వాన చప్పుడులో సరిగ్గా విన్నానో లేదో అన్నట్టు వాడు అడిగినాడు.

"చెంబు తెచ్చేదాకా అన్నావే?"

"అదే చెంబు," అనింది రాజమ్మాళ్. "తీసుకురా."

వాడు లేచినాడు. దూలం నుంచి బకెట్టు దింపి, రెండు చేతులతో గుండెకు పట్టుకుని, తల వంచి, కుడికాలు ముందు పెట్టి గడప దాటినాడు. కొత్త పెళ్ళికూతురు మాదిరి ఏంది ఆ నడక, అని ఎదురింట్లో నుంచి అవ్వ అరిచింది. వానలో కూడా ఆమెకు కళ్ళు కనపడతాయి.

ఇదంతా జరిగి పదేళ్ళు దాటింది. వాడు ఇంక తాగలేదని నేను ప్రమాణం చెయ్యను, నాకు తెలిసి తాగలేదు. నడుమ నేనే కోవిల్‌పట్టిలో ఒక మంచి ఇత్తడి చెంబు కొని తెచ్చి ఇచ్చినాను. రాజమ్మాళ్ దాన్ని కళ్ళకద్దుకుని తీసుకుంది, అందులో చింతపండు పోసి పెట్టింది. పురట్టాసికి ఇప్పటికీ బకెట్టే బయలుదేరుతుంది. కొత్తవాళ్ళు దాని మీద పేరు చదివి, ఈ పరోటా అంగడివాళ్ళు గుడికి ఇచ్చినారా అని అడుగుతారు. అవునంటాడు వాడు.

నాకు దేవుడితో కొన్ని తగాదాలు తీరకుండా ఉన్నాయి. అవి ఇప్పట్లో తీరేవి కూడా కావు. అయినా వాకిట్లోకి వచ్చి చెయ్యి చాపినవాణ్ణి పొమ్మనడానికి నాకు నోరు రాదు. పోయిన శనివారం కూడా వచ్చినాడు. మంచి బియ్యమే వేసినాను. ఏరి మరీ వేసినాను.